మూడు నెలలుగా చదువు చెబుతున్నా, పిల్లాడు అడుగు కదలట్లేదు. మానేయాలా?

పాత_క్యాషియర్
బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి పోయినేడు రిటైరయ్యాను. ఉండేది నిజాంపేటలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మా వాచ్‌మెన్‌ది పాలమూరు వైపు పల్లె. ఇద్దరు పిల్లలు, పెద్దోడు ఐదో తరగతి, చిన్నది మూడో తరగతి. సర్కారు బడి. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో చాప వేసి ఇద్దరినీ కూర్చోబెడుతున్నాను.

చిన్నది చలాకీ. పెద్దోడితోనే నా బాధ. పాఠం చెప్పి "అర్థమైందా?" అంటే "ఆ సార్" అంటాడు. మర్నాడు అడిగితే తెల్లమొహం. తెలుగు వాచకం మాత్రం గడగడా చదివేవాడు, నేనూ మురిసిపోయాను. మొన్న పక్కన కూర్చుని చూస్తే వాడి వేలు రెండో పేరాలో ఉంది, నోరు మూడో పేరాలో ఉంది! బళ్లో విని మొత్తం కంఠతా పట్టాడన్నమాట. మధ్యలో ఒక్క పదం చూపించి ఇదేంట్రా అంటే నోరు పెగల్లేదు. లెక్కలు చెప్పక్కర్లేదు. మా ఫ్లాట్ నంబరు మూడు వందల రెండు రాయరా అంటే 3002 అని రాశాడు. ఐదో తరగతి!

ఆ రోజు గట్టిగా అరిచాను. తల దించుకుని ఉన్నాడు. మర్నాడు రాలేదు. నిన్న వాళ్లమ్మ రెక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది.

మా ఆవిడ "బీపీ పెంచుకోవడానికా ఈ పని" అంటోంది. పై ఫ్లాటాయన "ఫ్రీగా చెప్తే విలువుండదు సార్" అని లిఫ్ట్‌లో కనబడ్డప్పుడల్లా అంటాడు. రిటైరయ్యాక నలుగురు పిల్లలకు చదువు చెబితే తృప్తిగా ఉంటుందని అందరూ అంటారు కదా. నాకైతే చిరాకే ఎక్కువగా ఉంది. ఇది నా వల్ల అయ్యే పనేనా?

నైట్‌షిఫ్ట్_నాని
3002లో తప్పేముంది సార్. మూడు వందలు అన్నారు, 300 రాశాడు. రెండు అన్నారు, పక్కన 2 పెట్టాడు. విన్నది విన్నట్టు రాశాడు. మా ఆఫీసులో కోడ్ రాసేవాళ్ల కంటే లాజిక్ నయం.

లెక్కల_పిచ్చోడు
నాని సరదాకి అన్నా అదే నిజం. వాడికి అంకెలు తెలుసు, స్థానాలు తెలీవు. చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది. ఇంకో పరీక్ష పెట్టండి: 52లోంచి 27 తీసేయమనండి. 35 అని రాస్తాడని పందెం. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని నేర్చుకుని ఉంటాడు, అందుకే 7లోంచి 2 తీసేస్తాడు.

మీరు క్యాషియర్ కదా సార్, మీ కంటే బాగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? కాగితాలు కత్తిరించి వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్లలు చేయండి. మూడు వందల రెండు రూపాయలు ఇమ్మనండి. మూడు వందలు, పది నోటు లేదు, రెండు రూపాయలు. ఆ "లేదు" ఉన్నచోట సున్నా. అంతే. తీసివేతలో కూడా "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పకండి. అప్పెందుకు తెచ్చుకోవాలో, తెచ్చి ఎప్పుడిచ్చేయాలో వాడికి తెలీదు. పది నోటు మార్చి చిల్లర తీసుకోమనండి. కిరాణా కొట్టుకి రోజూ వెళ్లే పిల్లాడికి చిల్లర మార్చడం కొత్త కాదు.

ట్యూషన్_అక్క
మీ పై ఫ్లాటాయన మాట నాకూ నిజమే అనిపిస్తుంది, తిట్టుకోకండి. గుంటూరులో ఇంటి దగ్గర పద్నాలుగు మందికి చెబుతాను, నెలకి తలా 400. ఈ డబ్బులతోనే మా ఇంటి అద్దె. మా వీధిలో ఒక రిటైర్డ్ సార్ ఫ్రీ అనగానే నలుగురు అటు వెళ్లిపోయారు. రెండు నెలలకి ఆయనకి మనవడు పుట్టాడు, అమెరికా వెళ్లిపోయారు. పిల్లలు అటూ ఇటూ కాకుండా పోయారు. మీరు మానేయాలా అని అడుగుతున్నారే, సరిగ్గా ఇదే నా భయం.

బండరాయి
నేను ఇంకో మాట చెబుతా, చేదుగా ఉంటుంది. ఐదో తరగతి పిల్లాడికి చదవడం రాకపోతే అది బడి తప్పు. మీలాంటి పెద్దమనుషులు సెల్లార్లో చాపలు వేసి ఆ కంత పూడుస్తున్నంత కాలం ఎవరూ సర్కారుని అడగరు. జీతాలు తీసుకునే టీచర్లు ఏం చేస్తున్నట్టు? ట్యూషన్లు చెప్పుకుంటున్నారా?

సుధ_టీచర్
ఆ జీతం తీసుకునేవాళ్లలో నేనూ ఉన్నాను బండరాయి గారూ. ట్యూషన్ సంగతి ముందు: 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. నేను చెప్పను. మా ప్రాథమిక బడిలో ఐదు తరగతులకు ఇద్దరం. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకరే. వెనకబడ్డ పిల్లాడి పక్కన పదిహేను నిమిషాలు కూర్చోవాలంటే మిగతా ముప్పైమందిని గాలికి వదిలేయాలి. అందుకే క్యాషియర్ గారి చాప చూస్తే నాకు అసూయ, ఇద్దరే పిల్లలు!

క్యాషియర్ గారూ, మీరు ఐదో తరగతి పుస్తకం పట్టుకున్నారు. వాడున్నది అక్కడ కాదు. ముందు వాడెక్కడున్నాడో చూడండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి 2005 నుంచి చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా తేలిక. ఒక్క పేజీలో అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి చదివిస్తారు. ఎక్కడ ఆగితే అక్కడే మొదలు. తెలుగులోనూ ఉంది.

ఇంకోటి, గుణింతం అప్పజెప్పమంటే క, కా, కి, కీ అని రాగం తీసి చెప్పేస్తారు. దాన్ని నమ్మకండి. మధ్యలో "కో" చూపించి అడగండి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ క నుంచి మొదలెట్టి కో దాకా వస్తే, వాడికి పాట వచ్చు, గుణింతం రాదు. అప్పుడు గుడి, కొమ్ము, ఏత్వం విడివిడిగా అట్టముక్కల మీద రాసి అక్షరానికి తగిలించి ఆడించండి.

"అర్థమైందా?" అని మాత్రం ఇక జన్మలో అడగొద్దు. ఆ ప్రశ్నకి పిల్లల దగ్గర ఒకటే జవాబుంటుంది.

కరీంనగర్_కుర్రాడు
వేలు ఒక కాడ, నోరు ఒక కాడ... నన్ను చూసినట్టే ఉంది. నేను హిందీ పదో తరగతి దాకా అట్లనే లాక్కొచ్చిన. 20 వస్తే పాస్ కదా, 21 వచ్చినయ్. ఆ ఒక్క మార్కు ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెల్వదు.

సీరియస్‌గా ఒక మాట. 2022 నుంచి మా దిక్కు సర్కారు బడుల్ల ఇంగ్లిష్ మీడియం పెట్టిన్రు కదా, పుస్తకంల ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటది. లెక్కలు, సైన్సు తెలుగు పేజీ చూపించి చెప్పండి సార్, తర్వాత ఇంగ్లిష్ పేజీ. నా చెల్లె కొడుక్కి అట్లనే చెప్తున్న, బాగ పట్టుకుంటున్నడు.

గోదారి_గట్టు
అందరూ చదువు గురించే చెబుతున్నారు. సార్, ఆరింటికి వాడు ఏమన్నా తిని వస్తున్నాడా? బళ్లో మధ్యాహ్న భోజనం ఎప్పుడో పన్నెండున్నరకి తిన్నది. రాజమండ్రిలో మా అమ్మ గుడి అరుగు మీద పిల్లలకు ఏడేళ్లు చెప్పింది. మొదటి పని మరమరాలో అటుకులో పెట్టడం, రెండో పని పలక. ఆకలితో ఉన్న పిల్లాడు మొద్దులా కనిపిస్తాడు.

చోటు సెల్లార్‌లో పెట్టుకోవడం మంచిది, నలుగురూ తిరిగేచోటు. ఇంట్లోకి పిలిచి తలుపేసుకుని చెప్పొద్దు, ముఖ్యంగా ఆడపిల్లకి. మీ గురించి కాదు, ఎవరికైనా ఇదే చెబుతాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు కూడా పెట్టకండి. వాళ్లమ్మ అదే గ్రూపులో వాళ్ల ఇళ్లల్లో అంట్లు తోముతుంది.

ఎకనామిక్స్_సీను
"నా వల్ల అయ్యే పనేనా" అన్నదానికి జవాబు. ముంబై, వడోదర మున్సిపల్ బడుల్లో 2000ల మొదట్లో బాలసఖి అనే కార్యక్రమం నడిచింది. ఆ వాడల్లోనే ఉండే అమ్మాయిలు, టీచర్ ట్రైనింగ్ లేదు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజుకి రెండు గంటలు పక్కకి తీసుకెళ్లి అక్షరాలు, కూడికలు చెప్పేవాళ్లు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు దాన్ని పరీక్షించి చూస్తే పిల్లల మార్కులు బాగా పెరిగాయి. అందులోనూ బాగా వెనకబడ్డవాళ్లకే ఎక్కువ లాభం. 2019లో వాళ్లకి నోబెల్ వచ్చింది, ఇదొక్కటే కారణం కాదనుకోండి. ఆ అమ్మాయిలు చేయగలిగిన పని ముప్పై నాలుగేళ్లు కస్టమర్లని భరించిన మీరు చేయలేరా?

బండరాయి
నోబెల్ దాకా వెళ్లిపోయాం. సుధ గారూ, మిమ్మల్ని కాదు అన్నది, ఆ ఇద్దరు టీచర్ల లెక్కనే అన్నాను. ఇద్దరితో ఐదు తరగతులు నడిపించేవాణ్ణి ఎవరు అడగాలి?

గోదారి_గట్టు
అడుగుదాం, నేనూ వస్తా. కానీ మనం అడిగి, వాళ్లు విని, పోస్టులు వేసేలోపు ఆ పిల్లాడికి మీసాలొస్తాయి.

పాత_క్యాషియర్
ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. సుధ గారు చెప్పినట్టు పరీక్ష పెట్టాను. అక్షరాలు అన్నీ వచ్చు, ఘ, ఝ దగ్గర తడబాటు. చిన్న పదాల్లో "మేక" దగ్గర ఆగిపోయాడు. "మ"కి ఏత్వం అని తెలీదు. లెక్కల పిచ్చోడు గారూ, పందెం మీరే గెలిచారు, 35.

చిన్నదానికి కూడా పెట్టాను. అది పేరా చదివేసింది. అన్న అక్కడే కూర్చుని చూస్తున్నాడు. వాడి మొహం చూశాక నాకు ఏదోలా అయింది.

సుధ_టీచర్
అయ్యో. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టకండి. వాడు అంత పాఠం ఎందుకు బట్టీ పట్టాడో ఆ మొహంలోనే ఉంది. చెల్లెలి ముందు పరువు నిలబెట్టుకుంటున్నాడు. అంత పాఠం విని గుర్తుపెట్టుకున్నాడంటే బుర్ర ఎంత చురుకో చూడండి.

ట్యూషన్_అక్క
ఇది మాత్రం బంగారం లాంటి మాట. నా దగ్గరా ఒక అన్నాచెల్లెళ్లున్నారు, వేర్వేరు టైముల్లో రమ్మన్నాను, వాడు వారంలో మనిషయ్యాడు.

నా గొడవ కూడా కాస్త చెప్పుకుంటా. డబ్బులు తీసుకుని చెప్పేవాళ్లకి తృప్తి లేదనుకోకండి. కాకపోతే నాకు చదువు చెప్పే టైమే ఇవ్వరు. తల్లులకి కావలసింది హోంవర్క్ పూర్తవడం, నోట్సు నిండటం. "అక్కా, వీడికి రాయడం రాకపోతే మీరే రాసేయండి" అన్నవాళ్లున్నారు. క్యాషియర్ గారిని అడిగేవాళ్లు లేరు, మేక దగ్గర నెలరోజులు కూర్చోవచ్చు. ఆ స్వేచ్ఛ నాకుంటే ఎంత బాగుండు.

డల్లాస్_పిన్ని
ఇక్కడ శనాదివారాలు మనబడిలో తెలుగు చెబుతాను. మాది మీకు తిరగేసిన కథ. మా పిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కుని "పెరట్లో పొట్లపాదు" అని తప్పు లేకుండా చదువుతారు. పెరడంటే తెలీదు, పొట్లకాయ చూడలేదు, పాదంటే కాలు అనుకుంటారు. మీవాడికి మాట ఉంది, అక్షరమే రావాలి. అదృష్టవంతులు మీరు. వాడి ఊరి మాటలతోనే మొదలెట్టండి. వాళ్లమ్మ పేరు, వాళ్ల ఊరి పేరు, మేకకి వాళ్లింట్లో పెట్టుకున్న పేరు.

నైట్‌షిఫ్ట్_నాని
పొట్లపాదం! ఇక మా ఇంట్లో ఇదే వాడతా.

కరీంనగర్_కుర్రాడు
ఆర్టీసీ బస్సు బోర్డులు కూడా సార్. మా బాపు నాకు చదువుడు నేర్పింది బస్టాండుల్నే. బస్సు కదిలేలోపు చదవాలె, లేకుంటే పోతది. భలే స్పీడ్ వస్తది.

మౌన_పాఠకుడు
ఏళ్ల తరబడి చదవడమే తప్ప రాయని వాణ్ణి. ఇది చూశాక రాయాలనిపించింది.

మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. మా పోస్ట్‌మాస్టర్ గారు సాయంత్రం సంచి కట్టి పంపించాక మా నలుగురికి చదువు చెప్పేవారు. ఆయన టీచర్ కాదు, పాఠ్యపుస్తకం ముట్టుకునేవారు కాదు. పంచకుండా మిగిలిన ఉత్తరాల మీద అడ్రసులు చదివించేవారు. ఒక్కో చేతిరాత ఒక్కోలా ఉండేది, అందుకే మాకు ఏ రాతైనా చదవడం వచ్చింది. మనియార్డర్ ఫారాలు నింపించేవారు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 అయితే మన వైపుది, కర్ణాటకది అని చెప్పి, 6 ఉన్న కవరు వస్తే "మద్రాసు నుంచో, కేరళ నుంచో, చూసి చెప్పండ్రా" అనేవారు. నాకు భూగోళం అక్కడే వచ్చింది.

ఆయన మహా కోపిష్టి. ఒకసారి నూట ఐదుని 1005 అని రాస్తే (అవును, నేనూ ఆ బాపతే) రూళ్లకర్ర విసిరారు. మరుసటి రోజు నేను వెళ్లలేదు. సాయంత్రం ఉత్తరం ఇచ్చే వంకతో మా ఇంటికొచ్చి, మా నాన్న చేతికి కవరిచ్చి, గుమ్మంలోంచి నాకేసి చూసి "ఏరా, అక్కడ కట్టలు కట్టేవాడు లేడు" అన్నారు. అంతే. చెప్పులేసుకుని వెనకే వెళ్లిపోయాను.

నేనిప్పుడు బెంగళూరులో ఆడిటర్ని. ఆయనకి మా వల్ల తృప్తి కలిగిందో, చిరాకే మిగిలిందో నాకు తెలీదు. అడగాలని తోచేసరికి ఆయన లేరు.

పాత_క్యాషియర్
మౌన పాఠకుడు గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. రేపటి నుంచి మరమరాలు తనే వేయిస్తానంది.

ఎకనామిక్స్_సీను
ఉల్లిపాయ, నిమ్మకాయ పడితే మేమూ వస్తాం. అక్షరాలు వచ్చు కానీ పర్లేదు.

పాత_క్యాషియర్
రెండు నెలలైంది, ఏమైందో మీకు చెప్పాలి కదా అని రాస్తున్నాను.

ఇద్దరినీ విడదీశాను. చిన్నది ఆరింటికి, వాడు ఏడింటికి. అరిచినందుకు సారీ చెప్పాలా అని నాలుగు రోజులు ఆలోచించాను, నోరు రాలేదు. పోస్ట్‌మాస్టర్ గారి పద్ధతే పట్టాను. "నోట్లు కత్తిరించడానికి మనిషి లేడురా" అన్నాను. కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. వంద నోట్ల మీద గాంధీ తాత బొమ్మ కూడా వేశాడు, కళ్లజోడు నా కళ్లజోడులా ఉంది. బ్యాంకు ఆట మొదలైంది. వాడు క్యాషియర్, నేను కస్టమర్. నేను కౌంటర్ దగ్గర విసుక్కుంటే "లైన్‌లో నిలబడండి సార్" అంటాడు. ముప్పై నాలుగేళ్లు నేనన్న మాట!

అంతా నల్లేరు మీద నడక కాదు. దసరాకి ఊరెళ్లొచ్చేసరికి ఒత్తులన్నీ అక్కడే వదిలేసి వచ్చాడు. "అమ్మ"ని "అమమ" అన్నాడు. మూడు రోజులు నాకు మళ్లీ పాత చిరాకే. మధ్యలో ఒక రోజు తలనొప్పి అని నేనే వెళ్లలేదు, తలనొప్పేం లేదు.

మొన్న శనివారం జరిగింది చెప్పాలి. మా సెక్రటరీ గారికి తెలుగు మీద అభిమానం, నోటీసులన్నీ తెలుగులోనే రాస్తారు. లిఫ్ట్ పక్కన కొత్త నోటీసు పెట్టారు. వాడు దాని ముందు నిలబడి గట్టిగా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతున్నాడు. ఈసారి వేలూ నోరూ ఒకేచోట ఉన్నాయి. "బ... కా... యి... ఉన్‌... న... ఉన్న... ఫ్లా... ట్లు." లిఫ్ట్ కోసం నలుగురు నిలబడి ఉన్నారు, ఎవరూ కదల్లేదు. కింద నంబర్లు. "నూట నాలుగు. రెండు వందల ఒకటి." కాస్త ఆగాడు. నోట్లు లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి. "మూడు వందల రెండు."

తర్వాత వెనక్కి తిరిగి, "సార్, మీదే!"

అక్టోబరు మెయింటెనెన్స్ మర్చిపోయాను. క్యాషియర్‌ని!

లెక్కల_పిచ్చోడు
మధ్యలో సున్నా ఎగరగొట్టకుండా, ఇంకోటి తగిలించకుండా చదివాడు. నాకు ఇది చాలు సార్, ఈ రోజుకి అన్నం తినకపోయినా పర్లేదు.

బండరాయి
నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ గాంధీ తాత నోటు ఫొటో పెట్టండి. పిల్లాడిది వద్దు, నోటుది.

ట్యూషన్_అక్క
మనవడు పుడితే మాత్రం ముందే చెప్పండి, అప్పటికి ఇంకొకర్ని చూసిపెడదాం.

పాత_క్యాషియర్
మనవరాలు ఉంది అక్కా, వరంగల్‌లోనే. అమెరికా భయం లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఇంతకీ మెయింటెనెన్స్ కట్టారా సార్?

పాత_క్యాషియర్
కట్టాను. ఎలాగూ కడుతున్నా కదా అని ఒక తెల్లకాగితం మీద రసీదు వాడితోనే రాయించాను. రెండు వేల ఐదు వందలు. 2000500 అని రాశాడు. వెయ్యి నోట్లు చేయలేదు మేము. రేపు కత్తెర మళ్లీ తీయాలి.